వాట్ డూ యూ డూ: ఈ రెండు డూల్లో పని చేసేది ఏది?

మా తమ్ముడి కూతురు ఆరో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం ఇంగ్లీషు నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ ఎస్టర్‌డే" అని రాసి ఉంది. వెంట్ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా, పైన 'గో' అని దిద్దుబాటు.

"పెద్దనాన్నా, నేను బడికి వెళ్ళంది నిన్న కదా. నిన్నటి సంగతైతే వెంట్ రాయాలని చెప్పిందీ వాళ్ళే, ఇప్పుడు కొట్టేసిందీ వాళ్ళే" అంది.

దాని వాదనలో నాకు తప్పేమీ కనబడలేదు. మా రోజుల్లో అయితే "డిడ్ పక్కన వీ-వన్ వస్తుంది, అంతే" అనేవారు. వీ-వన్, వీ-టూ, వీ-త్రీ అంటూ ఎక్కాల్లా అప్పజెప్పడం తెలుగు మీడియంలో చదివిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. రూలు కంఠతా వచ్చింది గానీ, అలా ఎందుకు అని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇది అడిగింది. చెప్పాలంటే డూ అనే క్రియ సంగతి మొదటినుంచీ చెప్పుకురావాలి.

"వాట్ డూ యూ డూ?" అనే ప్రశ్న తీసుకోండి. 'మీరేం చేస్తుంటారు' అని అర్థం. చేయడం అనే అర్థం మొత్తం చివరి డూలో ఉంది. మొదటి డూకి అర్థమే లేదు. దాన్ని తెలుగులోకి తెద్దామన్నా ఏమీ మిగలదు. అలాగని తీసేస్తే వాక్యం కూలిపోతుంది. ఒకే మాట ఒకే వాక్యంలో ఒకచోట నిండుగా, మరోచోట బొత్తిగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ డూతోనే మన పిల్లలకు పేచీ.

ఖాళీదే అయినా అది ఊరికే కూర్చోలేదు, సంచి మోస్తోంది. ఇంగ్లీషు వాక్యంలో కాలాన్ని చెప్పే గుర్తు ఒక సంచి అనుకోండి. "ఐ వెంట్" అన్నప్పుడు ఆ సంచి గో చేతిలోనే ఉంది, అందుకే గో కాస్తా వెంట్ అయింది. వాక్యంలోకి నాట్ వచ్చిందంటే సంచి పట్టుకోవడానికి డూ వస్తుంది. సంచి దాని చేతికి వెళ్ళింది కాబట్టి అది డిడ్ అవుతుంది. ఇక గో చేతులూపుకుంటూ వస్తుంది. ఒక్క సంచిని ఇద్దరు మోయరు. "హి డజ్ నాట్ గో"లోనూ ఇంతే, గోస్ చివర ఉండాల్సిన 'స్' ఎగిరి డూ మీద వాలి డజ్ అయింది.

దానికి ఇలాగే చెప్పాను. "మరి తెలుగులో ఇలా లేదు కదా" అంది. ఉందే!

'వెళ్ళాను' అనే మాటకు వ్యతిరేకం 'వెళ్ళలేదు'. దాన్ని విడదీస్తే వెళ్ళ, లేదు. 'వెళ్ళాను లేదు' అని ఎవరూ అనరు. లేదు రాగానే వెళ్ళాను అనే నిండు మాట నుంచి కాలమూ పోయింది, 'నేను' అని చెప్పే చివరి 'ను' కూడా పోయింది. 'వెళ్ళ' అనే బోడి రూపం మిగిలింది. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, ఎవరు వెళ్ళకపోయినా మాట అదే. "డిడ్ నాట్ గో" కూడా అచ్చం ఇంతే. ఐ, యూ, హి, దే, ఏదొచ్చినా మారదు. మన లేదు చేసే పనే అక్కడ డిడ్ నాట్ చేస్తోంది. "డిడ్ నాట్ వెంట్" అంటే తెలుగులో 'వెళ్ళాను లేదు' అన్నట్టు వినబడుతుంది. ఈ ముక్క చెప్పగానే దాని మొహం వెలిగింది. ఇన్నేళ్ళ వీ-వన్ వీ-టూల కన్నా ఈ ఒక్క పోలిక బాగా పనిచేస్తుందని నా అనుభవం.

ప్రశ్న దగ్గరికొస్తే మాత్రం తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. 'వాడు వెళ్ళాడు' అనే వాక్యాన్ని ప్రశ్న చేయాలంటే మనం చివర ఒక దీర్ఘం తగిలిస్తాం, 'వాడు వెళ్ళాడా?' అంటాం. క్రియ చెక్కుచెదరదు, సంచి దాని చేతిలోనే ఉంటుంది. ఆ అలవాటుతోనే మన పిల్లలు "డిడ్ హి వెంట్?" అంటారు. కాబట్టి ప్రశ్నలో తప్పు రావడానికి మన భాష కొంత కారణం. వ్యతిరేకంలో తప్పు వస్తే ఆ నింద తెలుగు మీద వేయడం అన్యాయం.

పెట్టడం నుంచి చేయడం దాకా

ఇంగ్లీషువాళ్ళ పూర్వీకులకు ఈ డూ ఎక్కడిది? వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఇది 'డోన్'. ఇంకా వెనక్కి, ఐరోపా భాషలూ సంస్కృతమూ ఒకే తల్లి కడుపులో ఉన్న రోజుల దాకా వెళ్తే, దీని మూలధాతువుకు అర్థం చేయడం కాదు. పెట్టడం, ఉంచడం.

ఆ ధాతువు సంస్కృతంలో 'ధా' అయింది. దధాతి అంటే ఉంచుతున్నాడు. సంస్కృతంలో 'ధ' ఉన్నచోట ఇంగ్లీషులో 'డ' రావడం ఈ భాషల మధ్య మామూలే. ఇక ఈ ధా మన తెలుగులో ఎక్కడెక్కడ ఉందో వెతికితే ఇంటినిండా చుట్టాలే. లోపల పెట్టి దాచింది నిధి. ఇలా చేయాలని పెట్టింది విధి, పెట్టినవాడు విధాత. రెండు పదాలను దగ్గర పెడితే సంధి. చుట్టూ గీత పెడితే పరిధి. ముందు ఉంచినవాడు పురోహితుడు, అందులో 'హిత' అన్నది ఈ ధా రూపమే. మంత్రాలను ఒకచోట పెడితే సంహిత. మనసు ఒకచోట నిలబెట్టేది అవధానం, శతావధానమైనా అష్టావధానమైనా. సమాధి, సమాధానం, ఉపాధి, వ్యవధి, అంతర్ధానం, ధామం, అన్నీ ఆ తానులో ముక్కలే.

గ్రీకులో ఇదే ధాతువు థీసిస్, థీమ్ అనే మాటల్లో ఉంది. సింథసిస్‌ను విడదీస్తే 'కలిపి పెట్టడం', అంటే ముక్కకు ముక్క మన సంధే. లాటిన్‌లో ఇది ఫాకెరె అనే క్రియ అయింది, ఫ్యాక్టరీ, ఫ్యాక్ట్ దాని పిల్లలు. నాకు అన్నిటికన్నా నచ్చిన జంట శ్రద్ధ, క్రెడిట్. సంస్కృతపు శ్రద్ధ, 'నమ్ముతున్నాను' అని చెప్పే లాటిన్ క్రేడో, రెండూ ఒకే పాత సమాసం నుంచి వచ్చాయి. గుండెను ఒకదాని మీద పెట్టడం అని దాని అర్థంగా చెబుతారు. ఆ క్రేడో సంతానమే క్రెడిట్ కార్డులోని క్రెడిట్. నెల చివర బిల్లు చూసుకున్నప్పుడు శ్రద్ధ ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ చుట్టరికమంతా సంస్కృతం ద్వారా వచ్చింది. మన సొంత క్రియ 'చేయు'కి డూతో ఏ సంబంధమూ లేదు. చేయు ద్రావిడ మాట, తమిళంలో 'సెయ్', పాత కన్నడంలో 'గెయ్' దాని తోబుట్టువులు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దాని కుటుంబం వేరని 1816లోనే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించి పెట్టాడు, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన ముందుమాటలో. రెండొందల ఏళ్ళయినా ఇంకా "అన్ని భాషలూ సంస్కృతం నుంచే" అనే ఫార్వర్డు మెసేజీలు వస్తూనే ఉన్నాయనుకోండి, అది వేరే గొడవ.

పెట్టడమనే ఆ పాత అర్థం ఇంగ్లీషులో పూర్తిగా చచ్చిపోలేదు, కొన్ని మూలల్లో నక్కి ఉంది. బట్టలు తొడుక్కోవడానికి ఒక పాత మాట 'డాన్'. అది డూ, ఆన్ అనే రెండు మాటల ముద్ద. ఒంటి మీద పెట్టుకోవడం అన్నమాట. టోపీ తీయడానికి 'డాఫ్', అది డూ, ఆఫ్. ఇక్కడ నాకు ముచ్చటేసేది ఏమిటంటే, సంస్కృతంలో కట్టుకునే బట్టను పరిధానం అంటారు, అంటే చుట్టూ పెట్టుకునేది. అటు డాన్, ఇటు పరిధానం, ఒకే ధాతువు, ఒకే పని.

ఫ్రీడమ్, కింగ్‌డమ్ చివర ఉన్న 'డమ్' కూడా దీని బంధువే. పాత ఇంగ్లీషులో 'డోమ్' అంటే పెట్టిన తీర్పు, చట్టం. అదే విడిగా నిలబడి నేటి 'డూమ్' అయింది. అందరి మీదా పడే ఆఖరి తీర్పు కాబట్టి ఇప్పుడు వినాశనం అనే అర్థంలో వాడుతున్నారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్ అంటూ మనం సంతకాలు పెడతామే, ఆ డీడ్ కూడా డూ నుంచి పుట్టిన నామవాచకమే. చేసిన పని అని మొదటి అర్థం, ఆ పనికి సాక్ష్యంగా నిలిచే కాగితం అని తరవాతి అర్థం.

చార్మినార్ ఎవరు కట్టారు?

పెట్టడం అనే మాట చేయడంగా ఎలా మారింది, చేయడం కాస్తా ఖాళీ ఎలా అయింది అన్నది అసలు చిక్కుముడి. దీనికి కూడా సమాధానం మన నోట్లోనే ఉంది. తెలుగులో 'పెట్టు' ఏమేం చేస్తుందో చూడండి. గిన్నె పొయ్యి మీద పెట్టు, ఇది అసలు అర్థం. దండం పెట్టు, పేరు పెట్టు, మొదలుపెట్టు అంటే ఎక్కడా ఏమీ ఉంచడం లేదు, పని చేయడమే. భయపడు అంటే తనకు తాను, భయపెట్టు అంటే ఎదుటివాడు భయపడేలా చేయడం. బాధపెట్టు, కష్టపెట్టు కూడా అంతే. ఇక రాసిపెట్టు, వండిపెట్టు అంటే మరొకరి కోసం చేయడం. పెట్టడంతో మొదలైన మాట, చేయడం మీదుగా, చేయించడం మీదుగా, చివరికి ఇంకో క్రియకు తోడు తిరిగే మాటగా తేలింది. ఇంగ్లీషు డూ కూడా ఇలాంటి దారే నడిచింది, కాకపోతే ఇంకా చాలా దూరం పోయింది.

సుమారు 13వ శతాబ్దంలో డూకి 'చేయించడం' అనే అర్థం బాగా వాడుకలో ఉండేది. రాజు డిడ్ బిల్డ్ కోట అంటే రాజు కోట కట్టించాడని. ఇప్పుడు మన సంగతి చూడండి. 1591లో చార్మినార్ ఎవరు కట్టారని ఏ పిల్లాణ్ణి అడిగినా "మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టాడు" అంటాడు. కులీ కుతుబ్ షా సున్నం కలపలేదు, రాయి ఎత్తలేదు. కట్టించాడు. అయినా 'కట్టాడు' అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఊళ్ళో ఇల్లు కట్టించుకున్నవాళ్ళు కూడా "పోయినేడాది ఇల్లు కట్టాం" అనే అంటారు. కట్టాడు, కట్టించాడు రెంటికీ తేడా లేని చోట ఆ 'ఇంచు' దండగ. ఇంగ్లీషులోనూ ఇలాగే బిల్డ్, డిడ్ బిల్డ్ అనే రెండు మాటలకూ ఒకే అర్థం చెప్పుకోవడం మొదలైంది. అప్పుడు డిడ్ ఏం చెబుతున్నట్టు? ఏమీ లేదు. అలా ఖాళీ అయింది. పద్యాలు రాసేవాళ్ళకు అది మహా సుఖం. ఛందస్సులో ఒక అక్షరం తక్కువైతే డిడ్ పెట్టుకోవచ్చు, ప్రాస కుదరకపోతే అసలు క్రియను పాదం చివరికి నెట్టుకోవచ్చు. మన పాత పద్యాల్లో పాదం నింపడానికి వచ్చే చిట్టిపొట్టి మాటలు ఎరిగిన వాళ్ళకు ఇది కొత్తేం కాదు.

ఇలా చేయించడం లోంచి ఖాళీ డూ పుట్టిందన్న వాదాన్ని 1953లో స్వీడన్ పండితుడు ఆల్వార్ ఎల్లెగార్డ్ గట్టిగా వినిపించాడు. ఇంకో వాదం కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ళ పక్కింటి భాష వెల్ష్‌లో చేయడం అనే క్రియను ఇలాగే తోడుగా వాడతారు, ఇంగ్లీషు ఆ అలవాటు పట్టిందని. ఖాళీ డూ మొదట్లో ఎక్కువగా కనబడేది ఇంగ్లండు నైరుతి మూల రచనల్లో, అది వెల్ష్, కార్నిష్ భాషలకు దగ్గరి ప్రాంతం. కాబట్టి ఆ వాదాన్ని కొట్టిపారేయలేం. అయినా 'చార్మినార్ కట్టాడు' అనే భాషలో పుట్టినవాణ్ణి కనక నాకు మొదటి వాదమే సులువుగా ఒంటబడుతుంది. పక్కింటి ప్రభావం దానికి ఊపు ఇచ్చి ఉండొచ్చు.

ఎల్లెగార్డ్ చేసిన పెద్ద పని, కొన్ని శతాబ్దాల ఇంగ్లీషు రచనలు దగ్గర పెట్టుకుని డూ ఉన్న వాక్యాలూ లేని వాక్యాలూ లెక్కగట్టడం. అందులో తేలింది ఏమిటంటే డూ అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. 'నీకు తెలియదా' లాంటి వ్యతిరేక ప్రశ్నల్లో ముందు పాతుకుంది, తరవాత మామూలు ప్రశ్నల్లో, అందరికన్నా ఆలస్యంగా 'నాకు తెలియదు' లాంటి వ్యతిరేక వాక్యాల్లో. మామూలు వాక్యాల్లో కూడా 16వ శతాబ్దం నడిమి దాకా జోరుగా ఎక్కి, ఆ తరవాత దిగిపోయింది. అంటే ఒక దశలో "ఐ డిడ్ గో" అని ఏ నొక్కూ లేకుండా, వెళ్ళాను అనే అర్థంలోనే అనేవారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకు రాసిన వ్యాకరణంలో ఈ అనవసరపు డూని చెడ్డ వాడుకగా లెక్కగట్టాడు. అప్పటికే అది పోయే దారిలో ఉంది.

పూర్తిగా పోలేదు. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో ప్రమాణాల ఇంగ్లీషు పాఠం చూడండి. "ఐ" అని మొదలై, పేరు వచ్చి, "డూ స్వేర్ ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్" అని సాగుతుంది. టీవీలో "అనే నేను" అని వినబడగానే చప్పట్లు మోగుతాయి చూశారూ, ఇంగ్లీషులో ప్రమాణం చేసేటప్పుడు ఆ చోటనే ఈ పాత డూ కూర్చుని ఉంటుంది. తీసేసినా అర్థం మారదు, ఆ గాంభీర్యం మాత్రం పోతుంది.

ప్రశ్నల్లో, వ్యతిరేకాల్లో ఎందుకు నిలిచింది? అప్పటిదాకా ఇంగ్లీషులో ప్రశ్న వేయాలంటే క్రియను ఎత్తి కర్తకు ముందు పెట్టేవారు. "నో యూ హిమ్?", అతను నీకు తెలుసా అని. జర్మన్, ఫ్రెంచ్ ఇప్పటికీ అదే చేస్తాయి. ఇంగ్లీషు మాత్రం క్రమంగా మాటల వరసను బిగించేసింది. మనకు రాముడు, రాముణ్ణి అని విభక్తి ఉంది, వరస మారినా ఎవరు ఎవర్ని కొట్టారో తెలుస్తుంది. ఇంగ్లీషు విభక్తులు దాదాపు అన్నీ రాలిపోయాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టే ఎవరు ఏం చేశారో తెలియాలి. అందుకని కర్త, క్రియ, కర్మ ఎక్కడివక్కడ కూర్చుని ఉండగా, ముందుకెళ్ళి ప్రశ్న గంట కొట్టడానికి ఒక మాట కావాల్సి వచ్చింది. ఆ సమయానికి ఏ పనీ లేకుండా ఖాళీగా తిరుగుతున్నది డూ. దొరికిపోయింది.

క్యాన్, విల్, ఈజ్ లాంటివి ఉన్నచోట డూ రాకపోవడానికీ కారణం ఇదే. సంచి పట్టడానికి అక్కడ మనిషి ముందే ఉన్నాడు. "క్యాన్ యూ కమ్", "ఈజ్ హి ఎ డాక్టర్" చాలు. "డోంట్ బీ సిల్లీ" అన్నప్పుడు మాత్రం బీ పక్కనే డూ వచ్చి కూర్చుంటుంది. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఒక్కచోటే ఈ మినహాయింపు.

డూ ఇంకా గట్టిపడని రోజుల ఇంగ్లీషు చూడాలంటే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు మంచి చోటు. లూకా సువార్తలో శిలువ మీద ఏసు అన్న మాట: "దే నో నాట్ వాట్ దే డూ". ఇక్కడ నో అంటే తెలియడం. ఇప్పుడైతే "డోంట్ నో" అనాలి. అర్థం ఉన్న డూ చివర హాయిగా ఉంది, ఖాళీ డూ ఇంకా రాలేదు. తెలియడానికి వాడే ఈ నో డూని దగ్గరికి రానివ్వకుండా చాలాకాలం మొండికేసిన క్రియల్లో ఒకటి. ఇదే వాక్యం తెలుగు బైబిల్లో "వీరేమి చేయుచున్నారో వీరెరుగరు" అని ఉంటుంది. ఎరుగరు! తెలియడం, లేకపోవడం, వాళ్ళు అనడం, మూడూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఎరుగను, ఎరుగవు, ఎరుగడు, అలాగే చేయను, చేయవు, చేయడు. నాట్ లాంటి మాట విడిగా ఎక్కడా లేదు, తోడుమాట లేదు. ఇంత పొదుపైన వ్యతిరేకం చేతిలో ఉండి కూడా మనం దాన్ని గమనించం. ఇంగ్లీషు మాట్లాడే తెల్లవాడు ఎవరైనా తెలుగు నేర్చుకోవాలంటే ఇక్కడే తడబడతాడు, అక్కడ మనం డూ దగ్గర తడబడినట్టే.

మన చేయు, వాళ్ళ డూ

నిండు డూ దగ్గర కూడా మనకు చిక్కులు లేకపోలేదు. ఇంగ్లీషులో డూ, మేక్ అని రెండున్నాయి. మనకు రెంటికీ చేయు ఒక్కటే. అందుకే 'తప్పు చేశాను' అనేది "ఐ డిడ్ ఎ మిస్టేక్" అయిపోతుంది, వాళ్ళు మేడ్ అంటారు. కొత్తగా ఏదైనా తయారైతే మేక్, పని జరిగితే డూ అని ఒక రూలు చెబుతారు గానీ, పక్క సర్దడాన్ని "మేక్ ది బెడ్" అంటారు కదా, అక్కడ కొత్తగా తయారైంది ఏముంది? నా సలహా, ఇవి రూలుతో రావు, వినగా వినగా రావాల్సిందే.

"హౌ డూ యూ డూ?"లో రెండో డూకి చేయడం అర్థం కాదు, బాగోగులు. ఎలా నడుస్తోంది అన్నట్టు. "దట్ విల్ డూ" అంటే చాలు, సరిపోతుంది. "డూ వితౌట్" అంటే అది లేకుండానే గడిపేయడం.

మన దేశంలో పుట్టి పెరిగిన డూలు వేరే ఉన్నాయి. "డూ వన్ థింగ్" అని ఫోన్లో అవతలివాళ్ళకు దారి చెప్పేటప్పుడు అంటాం. అది అచ్చంగా మన 'ఒక పని చెయ్యి'. లండన్‌లో అంటే, ఏ ఒక్క పని అని ఎదురుచూస్తారు. "ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్" మాత్రం మనం పుట్టించింది కాదు. పాత బ్రిటిష్ ఆఫీసు ఇంగ్లీషు అది. వాళ్ళు వదిలేశారు, మనం అర్జీల చివర భద్రంగా దాచుకున్నాం. వాళ్ళ తాతగారి గొడుగు మన అటక మీద ఉన్నట్టు.

ఎదురు దిశలో చూస్తే మన చేయు కూడా ఈమధ్య చాలా మారింది. ఫోన్ చెయ్యి, రీచార్జ్ చెయ్యి, డిలీట్ చెయ్యి, అడ్జస్ట్ చేసుకో, అప్‌లోడ్ చేశావా? ఇంగ్లీషు క్రియలు సొంతంగా తెలుగులో నడవలేవు. 'డిలీటాను' అని సరదాకి తప్ప అనలేం. చేయు వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించాలి. అర్థం డిలీట్‌ది, నేనా నువ్వా, నిన్నా రేపా అనే బరువంతా చేయుది. ఇక్కడా సంచి మోసేది అదే. అన్నిటికీ ఒకే కూలీ కాదు, అది తెలుగు అందం: బ్రేకు వేస్తాం, సెల్ఫీ దిగుతాం, ఫోటో తీస్తాం, లైకు కొడతాం, టెన్షన్ పడతాం.

ఇంకొక్క సంగతి ఉంది, ఇది మా పిల్లకు ఇంకా చెప్పలేదు. వర్క్‌డ్, ప్లేడ్, వాంటెడ్ అని ఇంగ్లీషు భూతకాలం చివర వచ్చే 'డ్' ఎక్కడిది? అది కూడా ఈ డూ నుంచే వచ్చిందని చాలామంది భాషా పండితుల నమ్మకం. ఇంగ్లీషుకు దూరపు అక్క లాంటి గోథిక్ అనే భాష ఉండేది. 4వ శతాబ్దంలో దానిలోకి బైబిలు అనువాదమైంది కాబట్టి ఆ భాష ఎలా ఉండేదో మనకు తెలుసు. అందులో 'మేం ఫలానా పని చేశాం' అనడానికి క్రియ చివర 'డేడుమ్' అని వస్తుంది. అందులో డిడ్ చప్పుడు వినబడడం లేదూ? పని మాటకు 'చేశాం' అతికించినట్టు. అంటే మన 'డిలీట్ చేశాం' లాంటిదే వాళ్ళూ ఒకప్పుడు చేసి, ఆ చేశాం అరిగి అరిగి ఒక్క 'డ్' మిగిలిందన్నమాట. ఆ లెక్కన "డిడ్ నాట్ వర్క్‌డ్" అంటే ముందు ఒక డిడ్, వెనక అరిగిపోయిన ఇంకో డిడ్. ఒకే సంచికి ఇద్దరు కూలీలు, అందులోనూ ఒకే ఇంటివాళ్ళు.

నోటుబుక్కులో పదిసార్లు "డిడ్ నాట్ గో" రాసి లేచింది మా పిల్ల. వాళ్ళ తమ్ముడు యూకేజీ. వరండాలో గెంతుతూ "బా బా బ్లాక్ షీప్, హేవ్ యూ ఎనీ వూల్" పాడుతున్నాడు. ఇది ఆగి, "ఒరేయ్, తప్పు. డూ యూ హేవ్ ఎనీ వూల్ అనాలి" అంది. వాడు దీన్ని పైకీ కిందకీ చూసి, "మా మిస్ అలాగే చెప్పింది" అని మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు. ఆ పాట 1744 నాటికే అచ్చులో ఉంది. హేవ్ తన సంచి తనే మోసుకునే రోజులవి. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. ఎవరిది రైటో చెప్పమని.